నవల తెరకెక్కితే కథ చెప్పేదెవరు?

మా అమ్మమ్మ దగ్గర ఒక కుట్టు పుస్తకం ఉండేది. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలను వారం వారం జాగ్రత్తగా చింపి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసింది. ప్రతి భాగం చివరా 'సశేషం' అని ఉండేది. పేజీ తిప్పితే వెనకవైపు సగంలో తెగిపోయిన వంటల శీర్షికో, తలనొప్పి మాత్రల ప్రకటనో కనబడేది. ఆ నవల సినిమాగా వచ్చినప్పుడు మా ఊరి నుంచి ఎడ్లబండి కట్టించుకుని మరీ వెళ్ళి చూసొచ్చిందట. ఎలా ఉందని నేను అడిగితే చాలాసేపు ఆలోచించి, "కథ అదే. చెప్పడం అది కాదు" అంది.

పుస్తకాన్నీ సినిమానూ పక్కపక్కన పెట్టి మాట్లాడే ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఎందుకంటే ఈ చర్చ ఎప్పుడూ రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. ఒకరు "పుస్తకమే బాగుంది, సినిమా పాడుచేశారు" అంటారు. ఇంకొకరు "పుస్తకం వేరు, సినిమా వేరు, పోల్చకూడదు" అంటారు. మొదటివారు ఏ సీన్లు తీసేశారో లెక్కపెడతారు. రెండోవారు అసలు లెక్కే వద్దంటారు. నన్నడిగితే పోల్చాలి, పోల్చినకొద్దీ రెండూ ఇంకా బాగా అర్థమవుతాయి. కాకపోతే లెక్కపెట్టాల్సింది సీన్లను కాదు.

మూడొందల పేజీల నవల చదవడానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. సినిమా రెండున్నర గంటలు. కోత తప్పదు, అందులో ఎవరి తప్పూ లేదు. అసలు చిక్కు వేరే ఉంది. నవలలో ఇలాంటి వాక్యం ఉందనుకోండి: 'పదేళ్ళుగా ఎవరికీ చెప్పుకోని దిగులుతో ఆమె ఆ పూట కూడా పిండి రుబ్బుతోంది.' దీన్ని తెరమీదికి తేవాలి. కెమెరాకు కనబడేది రుబ్బురోలు ముందు కూర్చున్న ఒక ఆడమనిషి. 'పదేళ్ళుగా' కనబడదు. 'ఎవరికీ చెప్పుకోని' కనబడదు. 'ఆ పూట కూడా' అన్నచోట ఉన్న నిట్టూర్పు అసలే కనబడదు. ఆ మూడు మాటలూ ఆమెవి కావు, ఆమెను చూస్తూ మనకు చెబుతున్నవాళ్ళవి. నవల తెరకెక్కగానే ముందుగా మాయమయ్యేది ఆ చెప్పే గొంతే. దాని స్థానంలో సినిమా ఏదో ఒకటి పెట్టాలి: నటి ముఖమో, పక్కింటావిడతో ఒక మాటో, పాటో, వెనక నుంచి వినబడే గొంతో. ఏం పెట్టారు, అది ఆ బరువు మోసిందా అన్నదే నేను చూసేది.

శ్రీరమణ రాసిన 'మిథునం' కథనే తీసుకుందాం. బాపు ఎంతగా ఇష్టపడ్డారంటే ఆ కథ మొత్తాన్నీ తన చేతిరాతతో రాసుకున్నారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే ముసలి దంపతులు, పెద్ద పెరడు, తిండి, అలకలు, ఎత్తిపొడుపులు. ఇదంతా వాళ్ళింటికి వచ్చిపోయే ఒక బంధువుల కుర్రాడు చూసి మనకు చెబుతున్నట్టు సాగుతుంది. ఆ కుర్రాడి గొంతులో కొంటెతనం ఉంది, ప్రేమ ఉంది, కాస్త దిష్టి తగులుతుందేమోనన్న బెంగ కూడా ఉంది. కథలో సగం రుచి వాళ్ళిద్దరిది, సగం అతడిది.

2012లో తనికెళ్ళ భరణి దీన్ని సినిమాగా తీసినప్పుడు ఒక సాహసం చేశారు. తెరమీద ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప మూడో మనిషి కనబడరు. ఆ కుర్రాడు కూడా లేడు. ఖాళీ అయిన ఆ చోటును ఆయన పనులతోనూ తిండితోనూ పాటలతోనూ నింపారు. కాఫీ మీద ఏకంగా ఒక దండకమే ఉంది. చాలాచోట్ల అది హాయిగా ఉంది. కానీ చూసేవాడు లేకపోవడంతో ఆ ముసలివాళ్ళే తమను గురించి తాము చెప్పుకోవాల్సి వచ్చింది. కథలో అప్పదాసు తిండిపోతుతనం గురించి కుర్రాడు చెబితే నవ్వొస్తుంది. అదే అప్పదాసు తానే మన వైపు తిరిగి వర్ణిస్తే పద్యం విన్నట్టుంటుంది. రెండూ బాగున్నాయి, కానీ రెండూ ఒకటి కాదు.

కథకు ఆయువుపట్టు మాత్రం సినిమాలో నిలబడింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ముత్తైదువగా పోవాలని మొక్కుకుంటారు. బుచ్చిలక్ష్మి కోరిక అందుకు తలకిందులు. తను పోతే ఈయనకు వేళకు వండిపెట్టేదెవరు, అలక తీర్చేదెవరు అనుకుని ఆయనే ముందు పోవాలనుకుంటుంది. ఇంత పెద్ద మాటను లక్ష్మి ఏ ఆర్భాటమూ లేకుండా పలికింది. అక్కడ చెప్పేవాడి అవసరం లేదు, ఆమె ముఖం చాలు.

ఇదే కథను మన కంటే పన్నెండేళ్ళ ముందే, 2000లో, మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ 'ఒరు చెరు పుంచిరి' పేరుతో తీశారని చాలామందికి తెలియదు. ఆయన స్వయంగా గొప్ప కథకుడు. అయినా తన కథ పక్కనపెట్టి తెలుగు కథ తీసుకున్నారు. ఒడువిల్ ఉన్నికృష్ణన్, నిర్మలా శ్రీనివాసన్ ఆ దంపతులు. అక్కడ ఇల్లు కేరళ ఇల్లయింది, పెరడు కేరళ పెరడయింది, చుట్టూ పిల్లలూ ఇరుగుపొరుగూ కూడా ఉన్నారు. మన సినిమా మాటను పెంచితే, ఆయన మాటను తగ్గించి తోటను పెంచారు. ఒకే కథకు రెండు భాషల్లో రెండు సినిమాలు దొరకడం అరుదు. ఒక సాయంత్రం కథ చదివి, తర్వాత రెండు సినిమాలూ చూడండి. ఏది గొప్పదని తేల్చుకోవాల్సిన పనిలేదు. చెప్పే గొంతు పోయినచోట ఒకరు పాట పెట్టారు, ఒకరు మౌనం పెట్టారు.

ఇప్పుడు 'కొండపొలం' సంగతి. ఇది నా మనసుకు చాలా దగ్గరి నవల. కడప ప్రాంతంలో కరువొచ్చి ఊళ్ళో గడ్డీ నీళ్ళూ లేనప్పుడు గొర్రెల కాపర్లు మందలను తోలుకుని నల్లమల కొండలెక్కి వారాల తరబడి అడవిలోనే ఉంటారు. దాన్నే కొండపొలం పోవడం అంటారు. సన్నపురెడ్డి వెంకట రామిరెడ్డి దాని మీద రాసిన ఈ నవలకు 2019లో అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా ఇచ్చే బహుమతి వచ్చింది. చదువుకుని ఉద్యోగం దొరకని ఒక కుర్రాడు తండ్రితో కలిసి మందవెంట పోతాడు. అడవి గురించి అతడికి ఏమీ తెలియదు. పెద్దవాళ్ళు చెబుతుంటే ఒక్కో చెట్టూ, ఒక్కో గడ్డీ, గొర్రెకు వచ్చే ఒక్కో జబ్బూ పేరుతో సహా తెలుసుకుంటాడు. అతడితో పాటు మనమూ తెలుసుకుంటాం. ఆ నవలలో కథ చెప్పేది ఒక మనిషి అనిపించదు, ఆ కాపర్లందరి నోళ్ళూ కలిసి చెబుతున్నట్టుంటుంది.

2021లో క్రిష్ దాన్ని సినిమా తీశారు. సినిమా రచనలో నవలాకారుడికీ చోటిచ్చారు, అది మెచ్చుకోవాల్సిన విషయం. నవలలో లేని ఓబులమ్మ అనే అమ్మాయిని, ప్రేమకథను చేర్చారు. చాలామంది పాఠకులు కోప్పడింది దీనికే. నాకు మాత్రం అది పెద్ద నేరంగా కనబడలేదు. నన్ను ఇబ్బందిపెట్టింది ఇంకొకటి. సినిమా అటవీశాఖ ఉద్యోగం ఇంటర్వ్యూ గదిలో మొదలవుతుంది. కుర్రాడు అక్కడ కూర్చుని తన కొండపొలం అనుభవం చెబుతాడు. అంటే కథ చెప్పే పని కాపర్ల చేతుల్లోంచి హీరో చేతుల్లోకి వచ్చేసింది. పైగా అతడు క్షేమంగా బయటపడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్ద ఉద్యోగం గుమ్మంలో ఉన్నాడని మనకు మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఇక పులి ఎదురొస్తే మాత్రం ఏం భయం? నవల చదువుతున్నప్పుడు రాత్రిపూట మంద చుట్టూ కాపలా కాసే ఘట్టాల్లో నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. సినిమాలో పులి బాగా కనబడింది, భయం కనబడలేదు. ఒక్క గది, ఒక్క ఇంటర్వ్యూ తీసేసి ఉంటే అదే సినిమా వేరేలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇదంతా చదివి, తెలుగు నవలకూ సినిమాకూ ఎప్పుడూ పడదనుకోకండి. ఒకప్పుడు రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టుండేవి. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది, మొట్టమొదటి నంది అందుకుంది. ఆవిడదే 'ప్రేమనగర్' 1971లో సినిమా. యద్దనపూడి సులోచనారాణి నవలల నుంచి 1973లో 'జీవన తరంగాలు', విజయనిర్మల దర్శకత్వంలో 'మీనా', 1976లో 'సెక్రటరీ' వచ్చాయి. నలభై ఏళ్ళు దాటాక 2016లో 'అ ఆ' చూసిన పాఠకులు ఇది మన మీనా కదా అని వెంటనే గుర్తుపట్టారు.

అవి అంత తేలిగ్గా తెరకెక్కడానికి కారణం మా అమ్మమ్మ కుట్టు పుస్తకంలోనే ఉంది. సీరియల్ అంటే ప్రతి వారం ఒక మలుపు దగ్గర ఆగాలి, లేకపోతే పైవారం పాఠకురాలు పత్రిక కొనదు. ఆ మలుపుల వరసే సగం స్క్రీన్‌ప్లే. పెద్ద బంగళా, కారు, ఆత్మాభిమానం గల అమ్మాయి, మాటకు మాట: అన్నీ కంటికీ చెవికీ అందేవే. ఇక్కడ చెప్పే గొంతు సంఘటనల వెనక ఉండిపోయి ముందుకు రాదు కాబట్టి అది పోయినా పెద్దగా లోటు తెలియదు. నిర్మాతకు ఇంకో భరోసా కూడా ఉండేది. వేలమంది ఆడవాళ్ళు వారం వారం ఎదురుచూసిన కథ అది, సినిమా మొదటి ఆటకు సగం హాలు అప్పటికే సిద్ధంగా ఉన్నట్టు లెక్క.

లోపలి మాట చెప్పాల్సివచ్చిన చోట మన సినిమా పాటను ఆశ్రయించింది. ఇది మన సొంత ఉపాయం. 'డాక్టర్ చక్రవర్తి'లో శ్రీశ్రీ రాసిన 'మనసున మనసై' వినండి. తోడు కోసం ఒక మనిషి పడే ఆరాటం నవలలో ఎన్ని పేజీలు తీసుకుంటుందో అది మూడు చరణాల్లో వచ్చేసింది. 'ప్రేమనగర్'లో ఆత్రేయ 'మనసు గతి ఇంతే' కూడా అంతే. ఆ పాటలను కథ మధ్యలో వచ్చే విరామాలుగా చూడటం అన్యాయం. నవలాకారిణి గొంతు మోయాల్సిన బరువును అక్కడ కవి మోశాడు.

యండమూరి వీరేంద్రనాథ్ కాలానికి ఈ బంధం ఇంకో రూపం తీసుకుంది. 'అభిలాష' 1983లో, 'ఛాలెంజ్' మరుసటి ఏడాది. ఉరిశిక్ష రద్దు కావాలని తానే కేసులో ఇరుక్కునే లాయరు, ఐదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాసే కుర్రాడు. ఒక్క వాక్యంలో చెప్పగల కథలివి. ఆ తర్వాత వారపత్రికలు తగ్గాయి, సాయంత్రాలు టీవీ సీరియళ్ళకు పోయాయి. పాఠకురాలే ప్రేక్షకురాలన్న ఆ లెక్క చెదిరిపోయింది.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టే పోలిక. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల. 1961లో, ముప్పై రెండేళ్ళు కూడా సరిగ్గా నిండకుండానే వెళ్ళిపోయింది. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. బాధ్యత లేని తండ్రిని ఉద్యోగం చేసి పోషిస్తుంది. సుఖపడాలని కోరుకుంటుంది, ఆ కోరికకు సిగ్గుపడదు. మేడమీద గదిలో అద్దెకున్న ప్రకాశాన్ని ఇష్టపడుతుంది, అతడి పిరికితనం తెలిశాక అక్కడే ఆగిపోదు. అదే నవలలోని కల్యాణి అనే అమ్మాయి పట్ల ఆమె ప్రవర్తన కొన్నిచోట్ల మనకు నచ్చదు. అయినా శ్రీదేవి ఎక్కడా ఇందిరను తప్పుపట్టదు, వెనకేసుకునీ రాదు. మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఇవ్వకుండా చివరిదాకా ఆమె పక్కన నడుస్తుంది. ఆ నవల గొప్పతనమంతా ఆ తీర్పివ్వని గొంతులో ఉంది.

1963లో ఆదుర్తి సుబ్బారావు దీని ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. అక్కినేని, సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ, సాలూరి రాజేశ్వరరావు పాటలు. చూడటానికి సరదాగా ఉంటుంది, ఇప్పటికీ టీవీలో వస్తే నేను ఛానెల్ మార్చను. కానీ ఆ ఇందిర అందులో లేదు. నవల పేరు తెలియకుండా చూస్తే దీనికీ దానికీ సంబంధముందని కూడా తట్టదు. ఎందుకిలా జరిగిందో నాకు అర్థమైంది ఇదీ: పుస్తకంలో ఇందిర ఒక్క పాఠకుడితో ఒంటరిగా ఉంటుంది, పక్కన రచయిత్రి ఉంటుంది. హాలులో ఆమె ఎనిమిదొందల మంది ముందు నిలబడాలి, తోడుగా ఆ గొంతు ఉండదు. ఆ రోజుల్లో తెర మీద ఆడదానికి రెండే గదులు, హీరోయిన్ గది, వ్యాంప్ గది. ఇందిర ఏ గదిలోనూ పట్టదు. అందుకే గుమ్మం బయటే ఉండిపోయింది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పొరపాటు కూడా సరిచేయాలి. 1960లో సావిత్రి నటించిన 'చివరకు మిగిలేది' బుచ్చిబాబు నవల కాదు. పేరు మాత్రమే ఒకటి. ఆ సినిమా మానసిక చికిత్సాలయంలో పనిచేసే ఒక నర్సు కథ, అంతకు ముందు ఏడాది వచ్చిన బెంగాలీ సినిమాకు తెలుగు రూపం. బుచ్చిబాబు నవలలోని నాయకుడు దయానిధి ఇంతవరకూ పుస్తకంలోనే ఉన్నాడు.

మనకు దొరికిన గొప్ప తెరరూపాల్లో కొన్ని మన కథలు కూడా కావు. బి.ఎన్. రెడ్డి 'బంగారు పాప' 1955లో వచ్చింది. మూలం 1861 నాటి జార్జ్ ఎలియట్ నవల 'సైలస్ మార్నర్'. పాలగుమ్మి పద్మరాజు కలం, ఎస్.వి. రంగారావు ముఖం కలిసి ఇంగ్లండు పల్లెలోని కథను మన పల్లెకు పూర్తిగా తెచ్చేశాయి. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. హిందీ కథ, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ పల్లె. మూలకథ పది పేజీలకు మించదు. లోపల కోడలు పురిటినొప్పులతో చనిపోతుంటే, బయట తండ్రీకొడుకులు దుంపలు కాల్చుకు తింటుంటారు. లోపలికి పోతే రెండోవాడు ఎక్కువ తినేస్తాడేమోనని ఇద్దరూ కదలరు. శవం మీదికి గుడ్డ కొంటామని అడుక్కొచ్చిన డబ్బు తాగేస్తారు. సేన్ ఆ చావుకు ముందరి బతుకంతా కల్పించి చేర్చారు: పని చేయడమే దండగనే తండ్రి వాదన, ఆ ఇంట్లోకి కోడలు రావడం, ఆమె ఒక్కతే ఆ ఇంటిని నిలబెట్టాలని చూడటం. చేర్చినదంతా ప్రేమ్‌చంద్ రాయకుండా వదిలిన చోటులోంచే పుట్టింది.

'మిథునం', 'ఒక ఊరి కథ' పక్కపక్కన పెడితే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. పెద్ద నవలను సినిమా చేసేవాడు ఎప్పుడూ తీసేస్తూ పోవాలి. చిన్న కథను తీసుకున్నవాడు చేరుస్తూ పోవచ్చు. తీసేసేవాడికి పోగొట్టుకున్న బాధ, చేర్చేవాడికి కట్టుకునే స్వేచ్ఛ. తెలుగులో ఇన్ని మంచి కథలుండగా సినిమావాళ్ళు వాటివైపు ఎందుకు తరచుగా చూడరో నాకు అర్థం కాదు.

నాకు కావాల్సిన సినిమాలు నా మనసులో ఎప్పటినుంచో ఉన్నాయి. మొదటిది డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. పందులు మేపుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉండి మందతో ఇంటికి రాని ఒక పంది, చేతిలో బల్లెం, ఒక్క రాత్రి. పొద్దుగూకడంతో మొదలై తెల్లవారితో ముగుస్తుంది. మాట్లాడటానికి పక్కన మనిషి లేడు కాబట్టి డైలాగుల బెడద లేదు. ముసలివాడి తెలివంతా అతడి కాళ్ళలో, చెవుల్లో, ముక్కులో ఉంది. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి అడుగు వేస్తాడు. ఇది కెమెరాకు పూర్తిగా అందే కథ. దయచేసి వెనక నుంచి ఎవరి గొంతూ పెట్టొద్దు, పాట పెట్టొద్దు.

రెండోది రావూరి భరద్వాజ 'పాకుడురాళ్ళు'. 2012 జ్ఞానపీఠం తెచ్చిన రచయిత, సినిమా పరిశ్రమలో మంజరి అనే నటి ఎదుగుదలనూ ఆమె చెల్లించిన మూల్యాన్నీ రాసిన నవల. అంత పెద్ద నవల ఒక్క సినిమాలో పట్టదు. ఇప్పుడు ఓటీటీలో పది భాగాల సిరీస్‌కు అవకాశం ఉంది, కాబట్టి పట్టదన్న సాకు చెల్లదు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మాత్రం వద్దంటాను. సీతారామారావు కథలో జరిగేదంతా అతడి బుర్రలోనే. గోపీచంద్ స్వయంగా సినిమా దర్శకుడు, 'లక్ష్మమ్మ' లాంటివి తీసినవాడు. అయినా ఈ నవలను తెరకు తేలేదు. తన పుస్తకంలో ఏది కెమెరాకు అందదో ఆయనకు తెలుసని నా నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువగా కోరుకునేది 'కాలాతీత వ్యక్తులు'ను మళ్ళీ తీయమని. ఒకసారి తీశారుగా అనకండి, దేవదాసును ఎన్ని భాషల్లో ఎన్నిసార్లు తీశారో మనకు తెలుసు. 1950ల నాటి విశాఖపట్నం, ఆ మేడమెట్లు, సముద్రపు గాలి, మెడికల్ కాలేజీ, ఎనిమిది భాగాలు. ఇందిర ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచి, తాగి పడుకున్న తండ్రిని దాటుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి అంటించాలి. కెమెరా ఆమె మీద జాలిపడకూడదు, ఆమెను మెచ్చుకోకూడదు. పొయ్యి రాజుకునేదాకా అలా ఆమె పక్కనే ఉండాలి.